పాత పోర్షే 911కు వెడల్పు చక్రాలు: లోపలికా, బయటికా?

మా స్నేహితుడొకరి దగ్గర 1970 నాటి పోర్షే 911 టి ఉంది. కాలిఫోర్నియా పొడిగాలికి పాత కార్లు తుప్పు పట్టకుండా బతికి బట్టకడతాయి కాబట్టి, బండి ఇంకా మొదటి రంగులోనే ఉంది. వెనకవైపు కాస్త నిండుగా కనిపించాలని ఏడు అంగుళాల ఫుక్స్ రిమ్ములు (911కు ఒట్టో ఫుక్స్ కంపెనీ చేసిన అల్లాయ్ రిమ్ములు) రెండు కొన్నాడు. ఎవరో తర్వాతి కాలపు 911 ఎస్‌సి నుంచి తీసినవి. ధర బాగుంది, బోల్టు రంధ్రాలు అతికినట్టు కూర్చున్నాయి. నెల రోజులు ఒంటరిగా తిరిగాడు, ఏ చప్పుడూ లేదు. ఒక ఆదివారం వెనక బుల్లి సీట్లలో పిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకుని లివర్‌మోర్ గుడికి బయలుదేరాడు. వీధి చివర స్పీడ్ బ్రేకర్ దిగగానే కర్రుమన్న శబ్దం. ఆపి చూస్తే టైరు భుజం చుట్టూ కత్తితో గీసినట్టు గాడి. మడ్‌గార్డు అంచున రంగు పెచ్చు లేచింది.

రిమ్ము బోల్టులకు సరిపోవడం వేరు, చక్రం మడ్‌గార్డు కింద ఇమడడం వేరు. ఈ రెండో సంగతి కొనేముందే కాగితం మీద తేల్చుకోవచ్చు. పాత 911 విషయంలో ఆ లెక్క చాలా సులువు, ఎందుకంటే కంపెనీయే ఒక పద్ధతి ప్రకారం కొలతలు పెట్టుకుంటూ వచ్చింది. నేను ఇక్కడ మాట్లాడేది 1969 నుంచి 1973 వరకు వచ్చిన పొడవు బానెట్ 911ల గురించి, అంటే వెనక మడ్‌గార్డు ఇంకా సన్నగా ఉన్న టి, ఇ, ఎస్ మోడళ్ల గురించి. 1968 వరకు వచ్చిన కార్లు ఇంకా ఇరుకు. వాటి వీల్‌బేస్, అంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరం, 2211 మి.మీ. మాత్రమే, మడ్‌గార్డుల వంపు కూడా తక్కువ. 1969 మోడల్‌తో వీల్‌బేస్‌ను 57 మి.మీ. పెంచి 2268 చేశారు, చక్రాల మీది రేకును కొద్దిగా ఉబ్బించారు. పొట్టి వీల్‌బేస్ కారు మీదైతే కింద చెప్పే ప్రతిదాన్నీ ఒక మెట్టు తగ్గించి చదువుకోండి. అయిదున్నర అంగుళాల దగ్గర ఆగడం క్షేమం.

వెడల్పు ఎటు పెరుగుతోంది

ముందు ఆఫ్‌సెట్ సంగతి. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యన ఒక గీత ఊహించుకోండి. హబ్బుకు (కారు వైపు చక్రాన్ని బిగించే భాగానికి) ఆనుకునే ముఖం ఆ గీత నుంచి ఎంత బయటికి ఉందో చెప్పే సంఖ్యే ఆఫ్‌సెట్. రిమ్ము వెనక ‘ఈటీ’ అనే జర్మన్ గుర్తుతో మిల్లీమీటర్లలో ఉంటుంది. ఆ సంఖ్య పెద్దదైతే చక్రం కారు లోపలికి జరుగుతుంది, చిన్నదైతే బయటికి వస్తుంది.

ఇప్పుడు ఫుక్స్ రిమ్ముల కొలతలు చూడండి. 15 అంగుళాల వ్యాసంలో, 5.5 అంగుళాల వెడల్పు రిమ్ముకు ఆఫ్‌సెట్ 42. ఆరు అంగుళాల దానికి 36. ఏడుకు 23.3. ఎనిమిదికి 10.6. వెడల్పులో సగానికి ఆఫ్‌సెట్ కలిపితే హబ్బు నుంచి రిమ్ము లోపలి అంచు ఎంత దూరమో వస్తుంది. ఆరు అంగుళాలంటే 152.4 మి.మీ., అందులో సగం 76.2, దానికి 36 కలిపితే 112.2. ఏడుకు చేయండి: 88.9, 23.3 కలిపి 112.2. ఎనిమిదికి చేసినా 112.2. 5.5కు మాత్రం అర మిల్లీమీటరు లోపు తేడా.

అంటే లోపలివైపు గీతను పోర్షే కదిలించనే లేదు. పెంచిన ప్రతి అంగుళాన్నీ బయటికే నెట్టింది. సగం వెడల్పు నుంచి ఆఫ్‌సెట్ తీసేస్తే బయటి అంచు లెక్క వస్తుంది: 5.5కు దాదాపు 28 మి.మీ., ఆరుకు 40, ఏడుకు 65.6, ఎనిమిదికి 91. ఆరు నుంచి ఏడుకు వెళితే టైరు బయటి గోడ ఒక నిండు అంగుళం మడ్‌గార్డు వైపు వస్తుందన్నమాట. నా స్నేహితుడి కారులో ఆ అంగుళానికి చోటు లేదు.

కంపెనీకి మాత్రం చోటు ఎక్కడిది? రేకునే మార్చింది. 1973 కరెరా ఆర్‌ఎస్ 2.7లో ముందు ఆరు, వెనక ఏడు అంగుళాల రిమ్ములు పెట్టినప్పుడు వెనక శరీరాన్ని మొత్తం 42 మి.మీ. వెడల్పు చేశారు, ఒక్కో పక్క 21. పైన వచ్చిన 25 మి.మీ. తేడాతో పోల్చి చూస్తే ఆ 21 ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. ఆర్‌ఎస్ వెనక భాగం అందంగా ఉందని అందరూ ముచ్చటపడతారు. నాకైతే అందులో ముందు కనిపించేది ఈ తీసివేత లెక్కే.

ఈ వరసలోకి రాని రిమ్ము

ఫుక్స్ కుటుంబంలో ఒకటి మాత్రం ఎదురు దారి పట్టింది. దాని పేరు 7ఆర్. వెడల్పు ఏడు అంగుళాలే, ఆఫ్‌సెట్ మాత్రం 49. లెక్క వేస్తే బయటి అంచు 39.9 మి.మీ. దగ్గర ఆగుతుంది. ఆరు అంగుళాల రిమ్ము ఆగే చోటు కూడా దాదాపు అదే, 40.2. అదనపు అంగుళం మొత్తం లోపలికి పోయింది. లోపలి అంచు 112 నుంచి 138కి చేరుతుంది.

కాబట్టి సన్న మడ్‌గార్డు 911కు వెడల్పు చక్రాలు అన్నప్పుడు అసలు ప్రశ్న ఎన్ని అంగుళాలన్నది కాదు, ఆ అంగుళం ఎటువైపుకి అన్నది. ఎంపికలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

నాలుగూ ఆరు అంగుళాలే

ఇది ఎవరూ గొప్పగా చెప్పుకోని ఎంపిక. నా ఉద్దేశంలో రోడ్డు మీద నడిపే వాళ్లలో ఎక్కువమందికి ఇదే చాలు. 1969 మోడల్ 911 ఎస్‌కు కంపెనీ ఇచ్చింది ఇదే: ఆరు అంగుళాల ఫుక్స్, 185/70 టైర్లు (మొదటి సంఖ్య మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో). 1964లో ఇదే కారు 130 హార్స్‌పవర్‌తో, నాలుగున్నర అంగుళాల ఇనుప రిమ్ముల మీద, 165 టైర్లతో వచ్చిందని గుర్తుంచుకుంటే ఆరు అంగుళాలు లోటుగా అనిపించవు.

లాభాలు చెప్పాలంటే: రేకు ముట్టుకోనక్కర్లేదు, స్పేసర్లు (రిమ్ముకూ హబ్బుకూ మధ్య పెట్టే బిళ్లలు) అక్కర్లేదు, నాలుగు చక్రాలనూ ముందూ వెనకా మార్చి వేసుకోవచ్చు. రిమ్ములు దొరకడం కూడా తేలిక, ఎందుకంటే ఎస్‌సి మోడళ్ల దాకా ముందు చక్రాలకు ఇదే కొలత వాడారు. స్టీరింగ్ తేలికగా ఉంటుంది. 911కు పవర్ స్టీరింగ్ 1989 నాటి 964 తరంతో గానీ రాలేదు. ముందు టైరు వెడల్పు పెరిగే కొద్దీ పార్కింగ్‌లో భుజాలు ఆ సంగతి చెబుతాయి.

టైరును కాస్త పెంచాలనుకుంటే 195/65 వేసుకోవచ్చు. పేరుకు పది మిల్లీమీటర్లు పెరిగినా ఒక్కో పక్కకు వచ్చేది అయిదే. ఎత్తు 640 నుంచి 635 మి.మీ.కు వస్తుంది, స్పీడోమీటరు దాదాపు నిజమే చెబుతుంది. 205/50 వైపు మాత్రం పోవద్దు. అది 586 మి.మీ. ఎత్తు టైరు. కారు 27 మి.మీ. కిందికి దిగుతుంది, మీటరులో వేగం తొమ్మిది శాతానికి పైగా ఎక్కువ చూపిస్తుంది, మడ్‌గార్డు కింద పెద్ద ఖాళీ తేలి బండి ఇతరుల బూట్లు వేసుకున్న పిల్లాడిలా కనిపిస్తుంది. రేసు ట్రాక్ మీద గేరింగ్ పొట్టిగా కావాలనుకునే వాళ్ల గొడవ వేరు.

ముందు ఆరు, వెనక 7ఆర్

రేకు కోయకుండా వెనక నిజంగా వెడల్పు టైరు కావాలంటే దారి ఇది. వెనక 215/60 వేసుకోవచ్చు. దాని ఎత్తు 639 మి.మీ., ముందున్న 185/70తో సమానం. ఆర్‌ఎస్‌కు పోర్షే ఇచ్చిన జోడీ కూడా ఇవే కొలతలు. పిరెల్లి వాళ్లు సింటురాటో సిఎన్36 పేరుతో ఈ రెండు కొలతల్నీ పాత గాడుల నమూనాతోనే మళ్లీ తయారు చేస్తున్నారు, కాబట్టి టైర్ల కోసం వెతుకులాట అక్కర్లేదు.

టైరు గోడ రిమ్ము కంటే రెండు పక్కలా ఉబ్బుతుంది కదా, అదీ కలుపుకుందాం. 7ఆర్ మీద 215 టైరు ఒక్కో పక్క 18 మి.మీ. మేర ఉబ్బుతుంది. 39.9కి అది కలిపితే బయటి గోడ హబ్బు ముఖం నుంచి 58 మి.మీ. దగ్గర ఉంటుంది. ఆరు అంగుళాల రిమ్ము మీద 185 టైరు కూడా రమారమి అక్కడే ఉంటుంది. మడ్‌గార్డుకు తేడా తెలియదు.

తేడా తెలిసేది లోపలి సామానుకు. టైరు 25 మి.మీ.కు పైగా లోపలికి వెళుతుంది కాబట్టి సస్పెన్షన్ చేయి, షాక్ అబ్జార్బరు, బ్రేకు గొట్టాలు, చక్రం గూడు లోపలి గోడ అన్నీ చూసుకోవాలి. కుడివైపు మరీ జాగ్రత్త, ఎందుకంటే 911 ఇంజను ఆయిల్ ట్యాంకు కుడి వెనక చక్రం వెనకాల ఉంటుంది. ఒక్క 1972 మోడల్‌లో దాన్ని చక్రం ముందుకు మార్చి, ఆయిల్ పోయడానికి కుడి మడ్‌గార్డు మీద ఒక మూత పెట్టారు. పెట్రోలు బంకుల్లో కొందరు దాన్నే పెట్రోలు మూత అనుకుని పోసేవారని, అందుకే మరుసటి ఏడాది ట్యాంకు మళ్లీ పాత చోటికి వెళ్లిందని చెప్పుకుంటారు.

7ఆర్‌ను ముందు చక్రాలకు పెట్టే ఆలోచన వద్దు. ముందు చక్రం తిరగాలి, పక్కనే స్ట్రట్ (సస్పెన్షన్ నిలువు కడ్డీ) ఉంటుంది. అంత లోతు అక్కడ భరించలేం.

అసలు 7ఆర్‌లు అరుదు, ధరలు కూడా దానికి తగ్గట్టే. కొత్తగా పోత పోసి చేసిన నకళ్లు దొరుకుతాయి. ఫుక్స్ అసలు రిమ్ము పోత కాదు, సాగగొట్టి చేసినది. జర్మనీలోని మైనర్ట్‌స్‌హాగెన్‌లో ఒట్టో ఫుక్స్ కర్మాగారం 1967 మోడల్ 911 ఎస్ కోసం మొదట చేసింది, పోర్షేలో హైన్రిక్ క్లీ దానికి రూపం ఇచ్చారు. (ఫుక్స్ అంటే జర్మన్‌లో నక్క. పేరు చూసి ఆ అయిదు రెక్కల్లో నక్కను వెతకకండి, అది యజమాని ఇంటిపేరు.) నకలు కొనేటప్పుడు రిమ్ము వెనక మోయగల బరువు, తయారీ తేదీ అచ్చయి ఉన్నాయో లేదో చూడండి. ఆరు అంగుళాల పాత రిమ్మును కోసి, పట్టీ అతికించి ఏడు చేశామని చెప్పేవాళ్లుంటారు. ఆ అతుకు మీద పిల్లలను ఎక్కించుకుని వెళ్లను.

7ఆర్‌లో నాకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. మడ్‌గార్డులో ఇంకొంచెం చోటు ఉందని తేలితే అయిదారు మిల్లీమీటర్ల స్పేసరు పెట్టి చక్రాన్ని బయటికి తెచ్చుకోవచ్చు. లోతున్న రిమ్మును బయటికి జరపగలం, బయటికి ఉన్నదాన్ని లోపలికి నెట్టలేం. అందుకే అనుమానం ఉన్నప్పుడు ఎక్కువ ఆఫ్‌సెట్ ఉన్నదే కొనాలి. స్పేసరు పెడితే నట్టు మునుపు ఎన్ని చుట్లు ఎక్కేదో ఇప్పుడూ అన్ని చుట్లు ఎక్కాలి. ఎక్కకపోతే పొడుగు స్టడ్లు (నట్లు ఎక్కే మర కడ్డీలు) వేయించండి. స్పేసరు మధ్య రంధ్రం 71.6 మి.మీ. హబ్బు మీద బిగుతుగా కూర్చోవాలి.

ఎస్‌సి ఏడు అంగుళాలు, అంచు మడిచి

స్నేహితుడు పడిన గుంట ఇదే. ఏడు అంగుళాల, 23.3 ఆఫ్‌సెట్ రిమ్ములు ఎస్‌సి, ఆ తర్వాతి కరెరాల నుంచి బోలెడు దొరుకుతాయి. 1978 నుంచి ఎస్‌సి కార్లన్నీ ఆర్‌ఎస్ తరహా ఉబ్బు మడ్‌గార్డులతోనే వచ్చాయి కాబట్టి ఆ కార్లకు ఇవి సరైనవి. సన్న మడ్‌గార్డు కింద పెట్టాలంటే లోపలికి మడిచి ఉన్న అంచును వేడి చేసి, రోలరుతో నొక్కి, పైకి అణిచేయాలి. వెనక చక్రాలకు కాస్త నెగటివ్ క్యాంబర్ ఇవ్వాలి, అంటే చక్రం పైభాగాన్ని లోపలికి వాల్చాలి.

క్యాంబరుతో ఎంత దొరుకుతుందో కూడా లెక్కే. టైరు వ్యాసార్ధం 320 మి.మీ. అనుకుంటే, ఒక్కో డిగ్రీకి టైరు పైభాగం దాదాపు అయిదున్నర మిల్లీమీటర్లు లోపలికి వాలుతుంది. రెండు డిగ్రీలకు 11. అంచు మడిస్తే ఇంకొన్ని. అన్నీ కలిపినా 25 రావడం కష్టం, ఈలోగా టైరు లోపలి భుజం త్వరత్వరగా అరిగిపోతూ ఉంటుంది. సన్న టైరు వేసి, కారు దించి, ఎలాగోలా ఇమిడించిన వాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఆ కాలపు 911 రేకుకు తర్వాతి కార్లలా పూర్తి జింకు పూత లేదు. అది 1976 మోడల్ నుంచి వచ్చింది. మడిచిన అంచులో రంగు వెంట్రుకంత పగిలినా లోపల తుప్పు మొదలవుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చక్రం కోసం మడ్‌గార్డు పోతుంది. దీన్ని ఎవరికీ సలహా ఇవ్వను.

రేకు కోసి ఉబ్బించడం

ఆర్‌ఎస్ తరహా వెనక మడ్‌గార్డులు ఇనుప రేకులో దొరుకుతాయి. పాతది కోసి, కొత్తది వెల్డింగ్ చేసి, నునుపు చేసి, రంగు వేయాలి. అప్పుడు ఏడు అంగుళాలు హాయిగా ఇముడుతుంది. ఇంకా ముందుకు వెళ్లి ముందు ఏడు, వెనక ఎనిమిది కావాలంటే నాలుగు పక్కలా ఉబ్బించాలి. రేసు కార్లను చూసి మురిసిపోయేవాళ్లు ఆర్‌ఎస్‌ఆర్ 2.8 దాకా వెళతారు. దానికి ముందు తొమ్మిది, వెనక పదకొండు అంగుళాలు. ఆ కారు ఇంజను, ఆ కారు పరుగెత్తే ట్రాక్ మన దగ్గర ఉంటే అడగాల్సిన ప్రశ్నే లేదు.

ఈ దారికి నేను పూర్తిగా వ్యతిరేకిని కాను. ఇప్పటికే మడ్‌గార్డులు తుప్పు తిని, ఎలాగూ కోయాల్సిన కారైతే, ఇంజను, గేరుబాక్సు అసలువి కాకపోతే, ఆర్‌ఎస్ రేకు వేయించుకోవడం మంచి నిర్ణయమే. రేకు ఆరోగ్యంగా ఉన్న, నంబర్లు కలిసే (ఇంజను, గేరుబాక్సు అసలువే ఉన్న) 911 ఎస్‌ను కోయడం మాత్రం చెప్పు సరిపోలేదని కాలు కోసుకోవడమే. జర్మనీలో ఉంటున్న మనవాళ్లకు ఇంకో లెక్క ఉంది: ముప్పై ఏళ్లు దాటిన కార్లకిచ్చే హెచ్ నంబరు ప్లేటు కావాలంటే చేసిన మార్పులు ఆ కారు కాలానికి చెందినవే అయి ఉండాలి. ఆర్‌ఎస్ ఉబ్బు విషయంలో వాదించుకోవచ్చు, పద్దెనిమిది అంగుళాల కొత్త రిమ్ముల విషయంలో మాట్లాడటానికేమీ ఉండదు. మార్పు చేయకముందే తనిఖీ ఇంజనీరుతో మాట్లాడుకోండి.

ఇంకొక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. వెడల్పు వెనక చక్రాలే మీ ముచ్చటైతే 1970ల చివరి ఎస్‌సి కొనుక్కోండి. ఉబ్బు మడ్‌గార్డు, జింకు పూత, ముందు ఆరు, వెనక ఏడు, అన్నీ కంపెనీయే ఇచ్చింది.

16 అంగుళాల వ్యాసం గురించి ఒక్క ముక్క. ఆఫ్‌సెట్లు అవే, కాబట్టి బయటికి వచ్చే లెక్కా అదే. 205/55, 225/50 టైర్ల ఎత్తు 632, 631 మి.మీ., కాబట్టి మీటరుకూ ఇబ్బంది లేదు. మంచి కొత్త టైర్లు ఎక్కువ రకాల్లో దొరుకుతాయి. పొడవు బానెట్ కారు మీద మాత్రం ఆ పల్చటి టైరు గోడ నా కంటికి ఆనదు.

కొలిచి కొనండి

ఇంత లెక్క చెప్పినా మీ కారు కొలవకుండా డబ్బు కట్టకండి. ఆ రోజుల్లో ఈ శరీరాల పనిలో చేతిపని చాలా ఉండేది; ఎడమ వెనక, కుడి వెనక ఒకేలా ఉంటాయని నమ్మకం లేదు. దశాబ్దాల్లో ఎక్కడో గుద్దుకుని బాగుచేసిన మడ్‌గార్డైతే మరీను. నాలుగూ విడివిడిగా కొలవండి.

పద్ధతి ఇది. కారును చదునైన నేల మీద పెట్టి, పెట్రోలు నింపి, డ్రైవరు సీట్లో మీ బరువంత ఎవరినైనా కూర్చోబెట్టండి. మేస్త్రీలు వాడే తూకం గుండును మడ్‌గార్డు అంచు నుంచి వేలాడదీసి, ఇప్పుడున్న టైరు గోడకూ దారానికీ మధ్య దూరం చూడండి. అందులోంచి కొత్త చక్రం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి వస్తుందో తీసేయండి. చక్రం మీద రేకు పూర్తిగా కిందికి దిగినప్పుడు టైరు దాని పక్కగా జారిపోవాలి కాబట్టి, నా లెక్కలో కనీసం 8 నుంచి 10 మి.మీ. మిగలాలి. తర్వాత చక్రం విప్పి, ఇదే పని లోపలివైపు స్కేలుతో.

కొత్త చక్రాలు ఎక్కించాక నట్లను 130 న్యూటన్ మీటర్ల బిగువుకు తిప్పండి, వంద కిలోమీటర్ల తర్వాత మరోసారి చూడండి. మడ్‌గార్డు అంచు లోపల పిల్లలు ఆడుకునే రంగు మట్టిని సన్నని చుట్టగా అతికించి, వెనక సీట్లలో నిజంగానే ఇద్దరిని కూర్చోబెట్టుకుని ఒక స్పీడ్ బ్రేకర్ దాటించండి. నా స్నేహితుడు రెండోసారి ఆ పనే చేశాడు. ఎస్‌సి రిమ్ములు అమ్మేసి 7ఆర్ నకళ్లు కొన్నాడు, సన్న స్పేసర్లు పెట్టి ఎక్కించాడు. మట్టి మీద ఎడమవైపు ఏ గుర్తూ పడలేదు, కుడివైపు చిన్న నొక్కు పడింది. ఆ పక్క స్పేసరు తీసేశాడు.